చేతులెత్తిన ఫోటో

తవ్విన కందకాన్ని పూడ్చమన్నారు. పూడ్చాక, మళ్ళీ తవ్వడానికి గునపాలు పట్టుకుని నిలబడమన్నారు. పొద్దున ఏడింటి నుంచి నలభై మంది ఆడా మగా పెద్దగుట్ట వాలులో అలాగే నిలబడి ఉన్నారు. పదింటికి వస్తాయన్న వ్యాన్లు పన్నెండయినా రాలేదు. ఏప్రిల్ ఎండకు గునపం పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది.

“ఉత్తగా నిలబడేదానికి కూలి ఇచ్చేది యాడన్నా చూసినావా, నల్లమ్మక్కా?” అంది కాటమ్మ. “రోజూ ఇట్లాంటి పనే దొరికితే బాగుండు.”

“నిలబడేదే కష్టం. తవ్వుతా ఉంటే పొద్దన్నా పోతాది,” అంది నల్లమ్మ, కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ.

ఆడవాళ్ళకు రోజుకు పన్నెండు రూపాయలు, మగవాళ్ళకు పద్దెనిమిది. బోరనపల్లిలో మూడేళ్ళుగా వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనాలు కూడా తిరిగి రాలేదు. పొలం పనులు లేవు. నిలబడమంటే నిలబడక ఏం చేస్తారు?

ఇదంతా విదేశీ అభివృద్ధి బ్యాంకు ఒకటి డబ్బిచ్చి నడిపిస్తున్న ప్రాజెక్టు. ఆ బ్యాంకే ఆఫ్రికా దేశాలకు కూడా పేదరికం తగ్గించుకోమని డబ్బిస్తోంది. అక్కడి నుంచి ఏడు దేశాల అధికారులను, దేశానికొకరు చొప్పున, ఏరి ఇక్కడికి పంపింది. కరువును ఎలా గెలిచారో, పేదవాళ్ళు తమ ఊరి వ్యవహారాలు తామే ఎలా నడుపుకుంటున్నారో కళ్ళారా చూసి నేర్చుకుని, తమ దేశాల్లో అలాగే చేయడానికి వాళ్ళు వస్తున్నారు. కరువును తాము గెలిచిన సంగతి బోరనపల్లి వాళ్ళకు ఆ వారమే తెలిసింది, అది కూడా శ్రీరామప్ప వచ్చి చెబితే.

శ్రీరామప్పకు ఇరవై ఆరేళ్ళు. పావగడ కాలేజీలో బి.ఎ. చదివాడు. ప్రాజెక్టులో కార్యకర్త ఉద్యోగం, నెలకు ఆరువందల యాభై రూపాయలు. రెండో విడత డబ్బు వస్తే పర్మనెంటు చేస్తామని ప్రాజెక్టు ఆఫీసరు మాటిచ్చాడు. నాలుగేళ్ళ వయసులో తల్లి పోతే మేనత్త నల్లమ్మే అతన్ని పెంచింది. ఆమెకు సెంటు భూమి లేదు, పిల్లల్లేరు, భర్త బైలప్ప ఎప్పుడో పోయాడు. ఉన్నవల్లా మేకలు. జూన్ వస్తే ఒక మేకపోతును అమ్మి అతని ఫీజు కట్టేది. అతని నోటికి వచ్చిన ఇంగ్లీషంతా ఆ మేకల పుణ్యమే. ఆ సంగతి అతనికి తెలుసు. ఈ మధ్య తెలియనట్టు ఉండటం నేర్చుకున్నాడు.

రెండేళ్ళ కింద నల్లమ్మకు పద్నాలుగు మేకలుండేవి. ప్రాజెక్టువాళ్ళు పెద్దగుట్టను మేపుకు మూసి, చుట్టూ కందకం తవ్వి, మొక్కలు నాటి, కాపలావాణ్ణి పెట్టాక, గుట్ట ఎక్కిన మేకకల్లా పది రూపాయల జుల్మానా వేశారు. పట్టుకుపోయిన మేకల్ని విడిపించుకోవడానికి నాలుగుసార్లు బందెలదొడ్డికి తిరిగి ఆమె విసిగిపోయింది. నాలుగు వందలు పలికే మేకను హిందూపురం బేరగాళ్ళకు నూటయాభైకి వదిలేసింది. పదకొండు పోయాయి. మూడు మిగిలాయి. ఆ మూడూ ఊరికి అటువైపున్న చిన్నగుట్ట మీద మేసి బతుకుతున్నాయి. రెండో విడతలో మూసేది ఆ చిన్నగుట్టనే.

*

వ్యాన్లు ఒంటిగంటకు నేరుగా ఊళ్ళోకి, సముదాయ భవనం దగ్గరికి వెళ్ళాయి. ప్రాజెక్టు తరఫున ఊళ్ళో పెట్టిన సమితికి అధ్యక్షుడు లక్ష్మీనరసింహ దండలతో ఎదురెళ్ళాడు. పెద్దగుట్ట కింద అతనికి పద్దెనిమిది ఎకరాలు. గుట్ట మూశాక అతని బావిలో వేసవిలోనూ నీళ్ళుంటున్నాయి. ఇది అబద్ధం కాదు, ఎవరైనా వెళ్ళి తొంగి చూడవచ్చు. గుట్ట మీద పెరిగిన గడ్డిని వేలం పాడేదీ అతనే.

భవనంలో గోడకు, తలుపు తీయగానే కనిపించేటట్టు, అద్దాల ఫ్రేములో పెద్ద ఫోటో ఒకటి వేలాడుతోంది. ముప్ఫైమందికి పైగా ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, చేతులు పైకెత్తి, కెమెరా వైపు చూస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు. కింద ఇంగ్లీషులో అక్షరాలు: గుట్టను మేపుకు మూసేందుకు ఏకగ్రీవంగా ఒప్పుకున్న గ్రామ మహిళలు.

అతిథులు ఫోటో ముందు ఆగిపోయారు. ఆఫీసరు ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. అతనిది మైసూరు వైపు. ఊరు కన్నడ రాష్ట్రంలోదే అయినా జనం మాట్లాడేది తెలుగు, అది అతనికి రాదు. అతను సైగ చేయగానే శ్రీరామప్ప ఏడు కవర్లు తెచ్చి అతిథులకు ఒక్కొక్కటి ఇచ్చాడు. ఒక్కోదాంట్లో ఆ ఫోటో కాపీ ఒకటి, వెనక ఆ ఇంగ్లీషు వాక్యమే టైపు చేసి అంటించిన కాగితం. పావగడ స్టూడియోలో దగ్గరుండి ఆ కాపీలు వేయించింది శ్రీరామప్పే. టైపు చేసిందీ అతనే.

అసలు ఆ ఫోటో తీసిన నాడు జరిగింది ఇది. మేకలెన్ని ఉన్నాయో లెక్క రాసుకు రమ్మని శ్రీరామప్పను పంపారు. ఆడవాళ్ళను కూర్చోబెట్టి, “మేకలుండేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు. మేకలకు మందులో, గడ్డో ఇస్తారనుకుని ఉన్నవాళ్ళు ఎత్తారు. వాళ్ళకు వస్తే మాకు రాదేమోనని లేనివాళ్ళూ ఎత్తారు. అతనికి నవ్వొచ్చింది. ప్రాజెక్టు కెమెరా కొత్తది, మెడలో వేలాడుతోంది. సరదాగా ఒక ఫోటో తీశాడు. మూడు నెలల తర్వాత గుట్ట మూశారు. బ్యాంకుకు పంపే నివేదికలో జనం ఒప్పుకున్నట్టు ఏదైనా సాక్ష్యం ఉండాలని ఆఫీసరు అడిగాడు. “మీటింగు ఫోటో ఏదైనా ఉందా?” అన్నాడు. శ్రీరామప్ప సొరుగు తెరిచి దాన్ని తీసి ఇచ్చాడు. ఎవరూ బలవంతం చేయలేదు. అతను ఆ పూట మధ్యాహ్నం హోటల్లో రెండు ప్లేట్ల పూరీ కూడా తిన్నాడు.

ఊళ్ళో ఆ ఆడవాళ్ళెవరూ ఫోటోను చూడలేదు. భవనం తాళం లక్ష్మీనరసింహ దగ్గర ఉంటుంది.

*

వ్యాన్ల దుమ్ము కనబడగానే వాలులో గునపాలు లేచాయి. పూడ్చిన మన్ను మెత్తగా ఉంది, సులువుగా వచ్చేస్తోంది. అతిథుల్లో ఒకాయన వంగి మన్ను చేతిలోకి తీసుకుని, ఈ నేల తవ్వకానికి ఎంత అనువుగా ఉందో అని మెచ్చుకున్నాడు. కాటమ్మకు మాట అర్థం కాలేదు గానీ సంగతి అర్థమై, కొంగు నోట్లో కుక్కుకుంది.

అతిథుల్లో ఒక్కరే ఆడమనిషి. జాంబియా దేశం నుంచి వచ్చింది. పేరు శ్రీమతి చిలేషే. యాభై ఏళ్ళుంటాయి, లావుపాటి మనిషి, ఎండకు తలగుడ్డ చుట్టుకుంది. ఆమె మిగతావాళ్ళ వెంట పోలేదు. నల్లమ్మ పక్కన మన్ను గట్టు మీద చతికిలబడింది. నల్లమ్మ చెయ్యి తీసుకుని అరచేతి కాయలు తడిమి చూసి, తన అరచేయి కూడా చాపి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. అంతవరకు వాళ్ళకు శ్రీరామప్ప అవసరం పడలేదు.

తర్వాత ఆమె అతని వైపు తిరిగింది. “ఫోటోలో ఈమె కూడా ఉంది కదూ? అడుగు. గుట్ట మూస్తామన్నప్పుడు మీరంతా ఏం చేశారని అడుగు.”

శ్రీరామప్ప అడిగాడు. “అత్తా, పెద్దగుట్ట మూసినప్పుడు మీరంతా ఏం చేసినారని అడుగుతాండాది.”

నల్లమ్మ అతన్ని వింతగా చూసింది. తెలిసినవాడే తెలియనట్టు అడిగితే ఎవరైనా అలాగే చూస్తారు.

“ఏం చేస్తాం నాయనా? నాలుగు తూర్లు బందెలదొడ్డికి తిరిగితి. ఆ లక్ష్మీనరసింహ కాళ్ళు పట్టుకుంటి. ఆఖరికి చేతులెత్తేసినాము.”

చిలేషే చిన్న పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని చూస్తోంది. నాలుగడుగుల దూరంలో ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ముందు మాటలన్నీ శ్రీరామప్ప వదిలేశాడు. ఆఖరి మాట ఒక్కటి బయటికి వచ్చింది.

“ఆఖరికి మేం చేతులెత్తాం అంటోంది,” అన్నాడు ఇంగ్లీషులో.

మాటకు మాట సరిగ్గానే ఉంది. ఇంగ్లీషు పంతులైనా తప్పు పట్టలేడు. తెలుగు తెలిసిన ఏ పసిపిల్లను అడిగినా చేతులెత్తడం వేరు, చేతులెత్తేయడం వేరు అని చెబుతుంది. అది చెప్పవలసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు, వాడు చెప్పలేదు.

చిలేషే ముఖం విప్పారింది. రాసుకుంది. రాసుకుని పుస్తకం మూసి, కాసేపు గుట్ట వైపు చూసింది.

“మా ఊరి వెనక కూడా ఇలాంటి గుట్టే ఉంది,” అంది నెమ్మదిగా. “పోయిన ఏడాది మా దేశంలో చినుకు పడలేదు. మొక్కజొన్న నిలువునా మాడిపోయింది. మా అమ్మను బతికించింది ఆమె మేకలే. ఆ గుట్టల్ని మూయాలని ఇప్పుడు మా మంత్రిగారు అంటున్నారు. ఆ ఫైలు సంతకానికి నా దగ్గరికి వస్తుంది. ఆడవాళ్ళు ఒప్పుకోరేమోనని ఇన్నాళ్ళు ఆపాను. ఇక్కడ వీళ్ళే చేతులెత్తి ఒప్పుకున్నారంటే నా సందేహం తీరిపోయింది. వెళ్ళగానే సంతకం పెడతాను. ఈ మాట ఆమెకు చెప్పు, థాంక్స్ చెప్పు.”

“ఏమంటాదిరా?” అంది నల్లమ్మ.

“మీరు బాగా పని చేస్తాండారని చెబుతాండాది.”

“కడుపు చల్లగుండ,” అంది నల్లమ్మ. తన ముంత తీసి ఆమెకు నీళ్ళిచ్చింది. చిలేషే అనుమానించకుండా గటగటా తాగింది. ఆ నీళ్ళు ఆమె గొంతు దిగుతుంటే శ్రీరామప్పకు చూడబుద్ధి కాలేదు. ఇంతకాలం తన తప్పు ఒక ఊరితో, ఒక అత్తతో పోతుందనుకున్నాడు. తెచ్చుకునే జీతంలో నెలకు యాభై ఆమె చేతిలో పెడితే సరిపోతుందనుకున్నాడు. పేరు పలకడానికి కూడా రాని దేశంలో, ముఖం తెలియని ఒక ముసలామె మేకల మెడకు తన తాడు తగులుకుంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

*

మూడింటికి అందరినీ భవనం ముందు పందిట్లో కూర్చోబెట్టారు. ఇది ఆఫీసరు చివరి ఏర్పాటు. అతిథుల కళ్ళ ముందే గ్రామసభ జరగాలి, చిన్నగుట్టకు ఊరు ఒప్పుకోవాలి, కాగితం బ్యాంకుకు వెళ్ళాలి.

ఆఫీసరు శ్రీరామప్పను పక్కకు పిలిచి కన్నడంలో అన్నాడు. “పోయినసారి లాగే. గుట్ట మాట ఎత్తకు. చింతమొక్కలు ఉచితంగా ఇస్తాం, కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అను. ఎత్తుతారు. మిగతాది ఇంగ్లీషులో నేను చూసుకుంటాను.” భుజం తట్టాడు. “నీ పర్మనెంటు ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది.”

పోయినసారి లాగే! అంటే ఆ ఫోటో సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసన్నమాట. తెలియక వాడుకున్నాడని ఇన్నాళ్ళూ అతను ఆయన్ని కూడా కొంచెం క్షమిస్తూ వచ్చాడు.

శ్రీరామప్ప పందిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ముందు వరుసలో నల్లమ్మ, కాటమ్మ, ముసలి హనుమంతమ్మ. పక్కన కుర్చీల్లో ఏడుగురు అతిథులు, ఏడుగురి ఒళ్ళో ఏడు కవర్లు. చింతమొక్కలు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని అన్నా ఎవరూ అతన్ని ఏమీ అనరు. మధ్యాహ్నం చిలేషే తాగిన నీళ్ళు గుర్తొచ్చాయి.

“ఇనండి,” అన్నాడు. “చిన్నగుట్ట కూడా మూస్తామంటాండారు. మూస్తే ఆడ మేకలు మేపేదానికి ఉండదు. మూసేదానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.”

హనుమంతమ్మ చెయ్యి అలవాటుగా లేవబోయింది. నల్లమ్మ దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని కిందికి దించింది. తన రెండు చేతులూ చంకల్లో బిగించి కూర్చుంది. కాటమ్మా అలాగే కూర్చుంది. వెనక వరుసలూ అలాగే కూర్చున్నాయి. లేచి ఉన్న చెయ్యి ఒక్కటే, లక్ష్మీనరసింహది. ఒక్కడే ఎత్తినట్టు అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

“ఏంది శ్రీరామప్పా, ఏం అడుగుతాండావు నువ్వు?” అని అరిచాడు.

“అడగాల్సిందే అడిగినా, దొరా.”

నల్లమ్మ కూర్చున్న చోటి నుంచే అంది. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే అతనికి ఎక్కువ తగిలింది. “రెండేండ్ల కింద కూడా ఇట్లనే అడిగింటే, ఆ పొద్దూ ఎత్తేవాళ్ళం కాదు గదరా నాయనా. మేకలుండేవాళ్ళు ఎత్తండంటివి. ఎత్తితిమి. మూణ్ణెల్లకే గుట్ట మూసిరి.”

అతిథులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆఫీసరు నవ్వు ముఖం మీద నుంచి జారనీయకుండా, పళ్ళ మధ్య నుంచి కన్నడంలో అన్నాడు. “ఏ మొక్కలు కావాలో తేల్చుకోలేకపోతున్నారని చెప్పు. వెంటనే చెప్పు.”

“చెప్పను సార్,” అన్నాడు శ్రీరామప్ప.

అని, చిలేషే వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. వాక్యాలు తడబడ్డాయి. మధ్యాహ్నం మా అత్త అన్నది వేరు, నేను చెప్పింది వేరు అన్నాడు. మా భాషలో ఆ మాటకు చేతకాక వదిలేశాం అని అర్థం అన్నాడు. గోడ మీది ఫోటోలో వాళ్ళు దేనికి చేతులెత్తారో చెప్పాడు. అడిగింది, తీసింది, కింద రాసింది తనేనన్నాడు. అత్త మేకలు పదకొండు పోయాయన్నాడు. ఆ చివరి ముక్క చెబుతున్నప్పుడు అతని ఇంగ్లీషు పూర్తిగా పాడైపోయింది.

చిలేషే కదలకుండా విన్నది. శభాష్ అంటుందేమోనని అతని మనసులో ఏ మూలో ఒక చిన్న ఆశ ఉంది. ఆమె అనలేదు.

“నీళ్ళు తాగుతున్నప్పుడు నువ్వు నా ఎదురుగానే నిలబడి ఉన్నావు,” అంది. “ఈ సభ లేకపోతే నేను వెళ్ళిపోయేదాన్ని.”

ఆమె కవరు తెరిచి ఫోటో బయటికి తీసింది. లేచి వెళ్ళి నల్లమ్మ ఒళ్ళో పెట్టింది. ఆమె తల మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి, వ్యాను వైపు నడిచింది. మిగతా ఆరుగురిలో ఇద్దరు ఆమె వెనకాలే ఏదో అడుగుతూ వెళ్ళారు. ఒకాయన టైము చూసుకున్నాడు. ఆఫీసరు వాళ్ళ చుట్టూ తిరుగుతూ, ఇతను తాత్కాలిక ఉద్యోగి, స్థానిక రాజకీయాలు, అని ఏదేదో చెబుతున్నాడు. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, “రేపు ఆఫీసుకు వచ్చి బీరువా తాళాలూ రిజిస్టరూ అప్పజెప్పి పో,” అన్నాడు.

వ్యాన్ల తలుపులు మూసుకున్నాయి.

నల్లమ్మ ఫోటోను ఎండలోకి పట్టుకుని చూస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు మూగారు.

“ఇదో, నేనే,” అంది. “నవ్వుతాండా చూడు. హనుమంతమ్మ కూడా ఎత్తిందే! దానికి మేకలు యాడుండె?”

హనుమంతమ్మ తల దించుకుంది. ఎవరో నవ్వారు, వెంటనే ఆపేశారు. నల్లమ్మ ఫోటో మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

“ఇంగా ఉండాయా ఇట్లాంటివి?”

“గోడ మీదిది కాక ఆరుండాయి, అత్తా.”

“యాడ?”

శ్రీరామప్ప పావగడ రోడ్డు వైపు చూపించాడు. వ్యాన్లు మలుపు తిరుగుతున్నాయి.

“ఆరు దేశాలకు పోతాయి,” అన్నాడు.

నల్లమ్మ ఆ దుమ్ము వైపు చూసింది. చిన్నగుట్ట నుంచి మేకల్ని తోలుకొచ్చే వేళయింది. లేచి, ఫోటోను జాకెట్టులో దోపుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

“ఆడ కూడా మేకలుంటాయా, శ్రీరామా?”